ఇల్లు అమ్మే ముందు ఏ పనికి ఖర్చు పెట్టాలి, దేనికి పెట్టకూడదు

ఇల్లు అమ్మాలని అనుకోగానే చాలా కుటుంబాల్లో వచ్చే మొదటి ఆలోచన రంగులు వేయించడం, రెండో ఆలోచన వంటగది మార్పించడం. మొదటిదానిలో కొంత న్యాయం ఉంది. రెండోదానిలో చాలావరకు ఉన్నది ఆశే. లక్ష రూపాయలు పెట్టి చేయించిన పనికి రెండు లక్షలు కలిపి ధర చెప్పవచ్చునని మేస్త్రీలూ మధ్యవర్తులూ తేలిగ్గా అంటారు గానీ, బేరం కుదిరే రోజున కొనేవారు మాట్లాడేది మీ గ్రానైట్ గురించి కాకుండా పడకగది మూలన కనిపించిన చెమ్మ గురించి అయి ఉంటుంది. అందుచేత అమ్మకానికి ముందు పెట్టే ప్రతి రూపాయినీ ఒకే ప్రశ్నతో తూచాలి: ఈ ఖర్చు కొనేవారి మనసులోని ఏ అనుమానాన్ని తీరుస్తుంది? సమాధానం దొరకని పనిని మానుకోవడమే లాభం.

కొనేవారి చేతిలో డబ్బు ఎలా కరిగిపోతుందో చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. 80 లక్షల రూపాయల ఫ్లాటుకు బ్యాంకు గరిష్ఠంగా 80 శాతం, అంటే 64 లక్షల వరకు రుణం ఇస్తుంది. మిగిలిన 16 లక్షలు సొంతంగా తేవాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం చొప్పున మరో 6 లక్షలు అవుతాయి. ఇంత సమకూర్చుకున్న కుటుంబానికి గృహప్రవేశం నాటికి కొత్తగా మరమ్మతులు చేయించే ఓపిక గానీ సొమ్ము గానీ మిగలదు. కాబట్టి వెంటనే కాపురం పెట్టడానికి వీలుగా ఉన్న ఇంటికి వారు సంతోషంగా కొంత ఎక్కువ ఇస్తారు. అదే ఇంట్లో మీరు చేయించిన ఖరీదైన అలంకరణ తమకు నచ్చకపోతే మాత్రం ఒక్క రూపాయి కూడా కలపరు.

కొనేది నేలనా, గోడలనా?

పనులు మొదలుపెట్టే ముందే ఇది తేల్చుకోవాలి. హైదరాబాదులోని మారేడ్‌పల్లి, హబ్సిగూడ, ఎస్.ఆర్. నగర్ వంటి పాత కాలనీల్లో, విజయవాడ, విశాఖపట్నాల్లోని పాత పేటల్లో, 1980లలో రెండు మూడు వందల గజాల్లో కట్టిన ఇండిపెండెంట్ ఇళ్ల బేరం సాధారణంగా గజాల లెక్కనే సాగుతుంది. కొనేవారు బిల్డరైతే ఇంటిని కూల్చి అపార్టుమెంటు కడతాడు. కుటుంబమైనా పునాదులతో సహా తీసి కొత్తగా కట్టుకోవాలనే అనుకోవచ్చు. అలాంటి ఇంటికి కొత్త టైల్స్ వేయించడమంటే రేపు కూలిపోయే గోడకు ఈ రోజు అలంకారం చేయడమే.

మీ ఇల్లు ఏ కోవలోనిదో తెలుసుకోవడానికి నిపుణులు అవసరం లేదు. గత రెండు మూడేళ్లలో మీ వీధిలో చేతులు మారిన ఇళ్లు ఇప్పుడు ఎలా ఉన్నాయో నడిచి చూడండి. వాటిలో ఎక్కువ కూల్చివేతకు గురై ఉంటే సమాధానం దొరికినట్టే. లేదా మీ ప్రాంతంలో గజం ధరను మీ స్థల విస్తీర్ణంతో గుణించి, ఇద్దరు ముగ్గురు మధ్యవర్తులు చెబుతున్న మొత్తం ధరతో పోల్చండి. రెండూ దాదాపు సమానంగా ఉంటే మార్కెట్టు మీ కట్టడానికి విలువ కట్టడం లేదని అర్థం. అప్పుడు చేయవలసినవి కొన్నే: పెరట్లోని పిచ్చిమొక్కలనూ పాత సామానునూ తీయించడం, హద్దురాళ్లు కనబడేలా చేయడం, లైసెన్సున్న సర్వేయరుతో కొలిపించి దస్తావేజులోని కొలతలతో సరిచూడడం, ప్రహరీ పడిపోయిన చోట కట్టించడం. అద్దెకున్నవారు ఎప్పుడు ఖాళీ చేస్తారన్న దాన్ని రాతపూర్వకంగా తేల్చుకోవడం ఏ రంగు కన్నా ఎక్కువ విలువ తెస్తుంది.

ఫ్లాటు విషయం వేరు. అక్కడ కొనేవారికి వచ్చే నేల అవిభాజ్య వాటా (అందరికీ ఉమ్మడిగా ఉండే స్థలంలో వాటా) రూపంలో కొద్దిపాటే కాబట్టి ధర చాలావరకు గోడల మీద, వాటి వయసు మీద ఆధారపడుతుంది. ఇరవై ఏళ్లలోపు ఇండిపెండెంట్ ఇల్లు కూడా ఎక్కువగా నివాసానికే అమ్ముడవుతుంది. ఇక్కడి నుంచి చెప్పేవన్నీ అలాంటి ఇళ్ల కోసమే.

మొదటి ఖర్చు నీటి మీద

కొనడానికి వచ్చినవారి చూపు ముందుగా వెళ్లేది పైకప్పు మూలలకూ స్నానాల గది వెనక గోడకూ. అక్కడ పెచ్చులూడి ఉన్నా, ఉప్పు తేలి ఉన్నా, లేదా అంత భాగానికే తాజాగా రంగు వేసినట్టు తెలిసిపోయినా, ఆ క్షణం నుంచి మీరు చెప్పే ప్రతి మాటనూ సందేహంతోనే వింటారు. చెమ్మను లప్పంతో కప్పి రంగు వేయించడం డబ్బు వృథా చేయడమే. గోడలోని తేమ కొత్త రంగును కొన్ని వారాల్లోనే బుడగలుగా లేపుతుంది. పైగా అది చట్టానికి కూడా విరుద్ధం. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవారికి తెలిసీ, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని బయటపెట్టవలసిన బాధ్యత అమ్మేవారిదే.

నీరు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పని చేయించవద్దు. వర్షాకాలంలో మాత్రమే కనిపించి ఎండాకాలంలో ఆరిపోయే మచ్చ అయితే మూలం డాబా గానీ, బయటి గోడ పగులు గానీ, సన్‌షేడ్ గోడను కలిసే చోటు గానీ అయి ఉంటుంది. ఏడాదంతా తడిగా ఉండే మచ్చకు పైపుల్లో గానీ, పై అంతస్తు స్నానాల గదిలో గానీ కారణం వెతకాలి. ఒక రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టుకుని పొద్దున చూస్తే పైపు లీకు ఉందో లేదో తెలుస్తుంది. స్నానాల గదిలో నహానీ ట్రాపును (నేల మీది నీరు పోయే జాలీ రంధ్రాన్ని) మూసి, రెండంగుళాల నీరు నిలిపి ఒక రోజంతా ఉంచి కింది గది పైకప్పును గమనిస్తే నేల నుంచి దిగుతోందో లేదో బయటపడుతుంది. గోడ అడుగుభాగంలో మూడు నాలుగు అడుగుల ఎత్తు వరకే చవుడు తేలుతుంటే అది నేల నుంచి పైకి ఎక్కే తేమ. దాన్ని పూర్తిగా ఆపడం కష్టమూ ఖరీదూ కాబట్టి, పాడైన ప్లాస్టరు తీయించి బాగుచేయించి, ఉన్న సంగతి కొనేవారికి చెప్పి ధరలో సర్దుకోవడం మేలు.

డాబా విషయంలో ముందు వాలు చూడాలి. వంద అడుగులకు ఒక అడుగు చొప్పున, అంటే పది అడుగులకు అంగుళం పైచిలుకు, నీరు గొట్టం వైపు వాలి ఉండాలి. వాన వెలిసిన మర్నాడు కూడా నీరు నిలిచి ఉంటే ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫింగ్ రసాయనం పూసినా అది ఎక్కువకాలం నిలవదు. అలాంటి చోట పాత కోబాను (స్లాబు మీద వాలు కోసం వేసిన పొరను) సరిచేయించి వాలు తెప్పించడమే అసలు పని. వాలు బాగానే ఉండి సన్నని పగుళ్లు మాత్రమే ఉంటే, పగుళ్లను విప్పి పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపించి, డాబా శుభ్రంగా ఆరాక ఆక్రిలిక్ పూతను రెండు చేతులు వేయిస్తే సరిపోతుంది. ఈ పని మార్చి నుంచి మే లోపు జరగాలి. జూన్‌లో రుతుపవనాలు వచ్చాక తడి డాబా మీద పూసిన పూత పట్టదు. ఆ పూతను ఒక వర్షాకాలం పరీక్షించాక ఇల్లు చూపించగలిగితే, వానలో కొనేవారిని మేడ మీదికి మీరే పిలిచి చూపవచ్చు. అమ్మకంలో ఇంతకు మించిన వాదన లేదని నా అభిప్రాయం.

స్లాబు అడుగున పెచ్చులూడి తుప్పు పట్టిన ఊచలు బయటపడి ఉంటే విషయం ఇంకాస్త తీవ్రమైనది. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పుగాలి వల్ల ఇది తరచుగా కనబడుతుంది. ఒకటి రెండు చోట్లే అయితే వదులైన కాంక్రీటు తీసేసి, ఊచల తుప్పు గీకించి, తుప్పు నిరోధక పూత వేయించి పాలిమర్ మోర్టారుతో పూడ్చించాలి. ఇల్లంతా అలాగే ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీరు చేత రాతపూర్వక నివేదిక తీసుకుని, దాన్ని బట్టి ధర తగ్గించడమే తెలివైన పని. దాని కింద ఫాల్స్ సీలింగ్ కట్టించి దాచాలనుకోవడం మాత్రం చాలా ప్రమాదకరం. కొనేవారి బ్యాంకు పంపే ఇంజినీరు లైట్ల కోసం కోసిన రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే అంతా బయటపడుతుంది.

అపార్టుమెంటులో లీకు మీ పైవారి స్నానాల గది నుంచి వస్తుంటే మీ ఇంట్లో ఎంత ఖర్చు పెట్టినా ప్రయోజనం ఉండదు. అసోసియేషన్ ద్వారా ముందు పైవారి చేత పని చేయించాలి. ఇది నెలల తరబడి సాగే వ్యవహారం కాబట్టి అమ్మాలన్న ఆలోచన రాగానే మొదలుపెట్టడం మంచిది.

కరెంటు, కుళాయిలు, తలుపులు

ఈ మూడింటిలో పెద్ద ఖర్చు లేదు, కానీ వదిలేస్తే చెడ్డపేరు పెద్దదే. పాత చెక్క బోర్డులూ కట్‌అవుట్ ఫ్యూజులూ ఉన్న ఇంట్లో ఎం.సి.బి.లతో (లోడు ఎక్కువైతే వాటంతటవే ఆగిపోయే స్విచ్చులతో) కొత్త డిస్ట్రిబ్యూషన్ బాక్సు పెట్టించి, ఎర్తింగ్ పనిచేస్తోందో లేదో పరీక్షింపజేస్తే చాలు. వైరింగ్ మొత్తం మార్చనక్కరలేదు. అయితే ఏసీ పెట్టుకునే గదికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లేకపోతే అది ఒక్కటి లాగించడం మంచిది. ప్రతి స్విచ్చీ పనిచేయాలి, ప్రతి కుళాయీ కారకుండా మూయబడాలి, ప్రతి తలుపూ నేలను రాయకుండా పడాలి, ప్రతి గడియా చేతికి అందగానే జరగాలి. కొనేవారు అన్నీ పరీక్షించరు గానీ, పట్టుకున్న మూడింటిలో రెండు పనిచేయకపోతే మిగతా ఇల్లంతా అలాగే ఉంటుందని లెక్క వేస్తారు.

బోరు నీటి తెల్లమచ్చలను కుళాయిల మీద నుంచీ, సిరామిక్ టైల్స్ మీద నుంచీ తీయించాలి. మొజాయిక్, పాలరాయి మీద మాత్రం యాసిడ్ పోయనివ్వవద్దు, అది రాతిని తినేసి మెరుపును శాశ్వతంగా పోగొడుతుంది. చెదల జాడ ఉంటే గుమ్మాలకు మందు కొట్టించి రసీదు దాచుకోండి. సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగించండి. మూత తీసి చూసేవారు చాలామందే ఉంటారు.

రంగుల గురించి

రంగు వేయించడం ఖర్చుకు తగిన ఫలితమిచ్చే పనుల్లో ఒకటి, కానీ అది అన్నింటికన్నా చివరి పని. తడి పనులన్నీ పూర్తై, కొత్త ప్లాస్టరు కనీసం నాలుగు వారాలు ఆరాకే ప్రైమరు పడాలి. తొందరపడి వేయిస్తే మచ్చలు పైకి తేలి, మీరు బాగుచేయించిన లీకు ఇంకా అలాగే ఉందన్న అపోహ కొనేవారికి కలుగుతుంది.

ఖర్చును ముందే అంచనా వేసుకోవచ్చు. లోపలి గోడలూ పైకప్పూ కలిపి రంగు వేయవలసిన వైశాల్యం కార్పెట్ ఏరియాకు సుమారు మూడు రెట్ల నుంచి మూడున్నర రెట్ల వరకు ఉంటుంది. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటుకు మూడు వేల పైమాటే. పెయింటరు ఇచ్చిన కొలత దీనికి చాలా దూరంగా ఉంటే తిరిగి కొలిపించండి. గోడ నునుపుగానే ఉన్న చోట లప్పం మళ్లీ పెట్టించవద్దు, కూలి ఎక్కువగా పోయేది దానికే. రంగు ఆఫ్‌వైట్ గానీ, లేత గోధుమ వర్ణం గానీ అయి, గదులన్నింటికీ ఒకటే ఉంటే మేలు. హాల్లో ఒక గోడకు ముదురు రంగూ టెక్స్చరూ వేయించే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. అది మీరు కాపురం చేసే ఇంటికి చేసుకోవచ్చు, అమ్మే ఇంటికి వద్దు. మధ్యరకం ఎమల్షన్ చాలు. ఖరీదైన రకానికీ దానికీ తేడా కొనేవారు గుర్తుపట్టలేరు. అదే డబ్బుతో గేటుకూ కిటికీ గ్రిల్స్‌కూ ఎనామిల్, ప్రధాన ద్వారపు టేకు చెక్కకు వార్నిషు వేయిస్తే ఆ మార్పు అడుగు పెట్టగానే తెలుస్తుంది.

వద్దనవలసిన పనులు

మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, టీవీ గోడకు చెక్క పని, గదుల్లో కొత్త వార్డ్‌రోబ్‌లు: ఈ నాలుగింటికీ లక్షల్లో ఖర్చవుతుంది. కొనే కుటుంబపు గృహిణి గ్యాస్ పొయ్యి ఎక్కడ ఉండాలో, గ్రైండరు ఎక్కడ పెట్టుకోవాలో తనకు తానుగా నిర్ణయించుకోవాలనుకుంటుంది. మీ లామినేట్ రంగు ఆమెకు నచ్చకపోతే మీరు పెట్టిన డబ్బు ఆమె దృష్టిలో తీసి పారేయవలసిన చెత్త. ఉన్న వంటగదిలో జిడ్డు వదిలించి, కీళ్లు బిగించి, సింకు కింద కుళ్లిన చెక్క ఉంటే అదొక్కటి మార్చి, చిమ్నీ కోసం ఒక ప్లగ్ పాయింటూ ప్యూరిఫైయరు కోసం ఒక నీటి పాయింటూ ఇప్పిస్తే చాలు.

స్నానాల గదికి మాత్రం కొంత మినహాయింపు ఇవ్వాలి. కమోడ్ పగిలినా, గోడ టైల్స్ ఊడినా అది చూసేవారిలో అసహ్యం కలిగిస్తుంది, బేరం అక్కడే చెడుతుంది. రెండు బాత్‌రూముల్లో ఒకటి బాగుండి రెండోది పాతదైతే ఆ రెండోదాన్ని మామూలు తెల్ల టైల్స్‌తో చేయించవచ్చు. అయితే ఎలాగూ నేల తవ్వుతున్నారు కాబట్టి వాటర్‌ప్రూఫింగ్ చేయించకుండా టైల్స్ వేయించవద్దు.

నేల విషయానికొస్తే, పాత మొజాయిక్ గానీ తాండూరు బండలు గానీ ఉంటే వాటిని మార్చడం కన్నా మిషను పాలిష్ పట్టించడం చౌక, చూపులకూ హుందాగా ఉంటుంది. పాత నేల మీదే టైల్స్ అతికిస్తే గుమ్మాల దగ్గర ఎత్తు మారి తలుపులు కోయవలసి వస్తుంది.

గోడలు తీసి హాలు పెద్దది చేయడం గురించి ఒక హెచ్చరిక. కోకాపేట, తెల్లాపూర్ వైపు కొత్త టవర్లలో చాలావాటిని అల్యూమినియం షట్టరింగ్‌తో కట్టారు. వాటిలో గోడలే బరువు మోసే కాంక్రీటు. అక్కడ ఉలి పెట్టడం భవనానికే చేటు.

వాస్తు

ఈశాన్యంలో మెట్లున్నాయని, వంటగది ఆగ్నేయంలో లేదని అమ్మేముందు గోడలు కూల్చి కట్టించేవారు ఉన్నారు. ఒక సిద్ధాంతి సరేనన్న మార్పును ఇంకో సిద్ధాంతి తప్పంటారు కాబట్టి ఈ ఖర్చుకు అంతు ఉండదు. ఈశాన్యంలో పేరుకున్న పాత సామాను తీయించి శుభ్రంగా ఉంచండి, అక్కడ చెప్పుల స్టాండు ఉంటే మార్చండి. అంతకు మించి అక్కరలేదు. వాస్తు ముఖ్యమనుకునే కుటుంబం ఇల్లు చూడకముందే ఫోనులోనే దిక్కు అడుగుతుంది. కాగా అదే పట్టింపు వల్ల కొనేవారి రాకపోకలు పంచాంగాన్ని అనుసరిస్తాయని గుర్తుంచుకోవాలి. ఆషాఢంలోనూ మూఢంలోనూ చూసిపోయేవారే ఎక్కువ, శ్రావణంలో అడ్వాన్సు ఇచ్చేవారు ఎక్కువ. పనులు ఆ లెక్కకు పూర్తికావాలి.

ధరను తగ్గించే మెరుగుదలలు

డాబా మీద రేకులతో గానీ స్లాబుతో గానీ ఒక గది వేసి "పెంట్‌హౌస్" అని చెప్పి ధర పెంచాలనుకోవడం మన నగరాల్లో చాలా మామూలు. మంజూరైన ప్లానులో లేని ఆ గదికి బ్యాంకు ఇంజినీరు విలువ కట్టరు. పైపెచ్చు ప్లానుకు విరుద్ధమైన కట్టడమని రుణమే నిరాకరించే అవకాశం ఉంది. బాల్కనీని కలిపేసుకోవడం, సెట్‌బ్యాకులోకి (ఇంటి చుట్టూ ఖాళీగా వదలవలసిన స్థలంలోకి) వంటగదిని పొడిగించడం, పార్కింగులో దుకాణం తెరవడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఇప్పటికే అలాంటివి ఉంటే కొత్త అలంకరణల బడ్జెట్‌ను ముందు వాటి వైపు మళ్లించాలి: తేలికగా తీయగలిగినవి తీసేయించి, మిగిలినవాటికి క్రమబద్ధీకరణకు అవకాశం ఉందో లేదో మునిసిపల్ వ్యవహారాలు తెలిసిన లైసెన్సుడ్ ఇంజినీరును అడగాలి.

నిజానికి చాలా ఇళ్లకు అత్యంత లాభదాయకమైన "మరమ్మతు" కాగితాల్లోనే ఉంటుంది. ఆస్తిపన్ను రికార్డు ఇంకా తాతగారి పేరునే ఉంటే మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించాలి. నీటి బిల్లు, కరెంటు బకాయిలు తీర్చాలి. లింకు దస్తావేజులు (పాత యజమానుల నుంచి వచ్చినవి), తాజా ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలూ అప్పులూ చూపే పత్రం), మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అసోసియేషన్ నుంచి బకాయి లేదన్న పత్రం ఒకచోట చేర్చాలి. ఫ్లాటైతే కారు పార్కింగు దస్తావేజులో రాసి ఉందో లేదో చూసుకోవాలి.

పన్ను లెక్క

మెరుగుదలకు పెట్టిన ఖర్చును మూలధన లాభం (ఆస్తి అమ్మకం మీద వచ్చిన లాభం) నుంచి తీసేసుకోవచ్చు కదా అని కొందరు ధీమాగా ఖర్చు పెడతారు. కట్టడానికి శాశ్వతమైన చేర్పు చేసిన ఖర్చుకే సాధారణంగా ఆ సౌకర్యం వర్తిస్తుంది. రంగులు, లీకు మరమ్మతులు వంటి నిర్వహణ ఖర్చులు దాని కిందికి రావు. పైగా లాభం ఎంతో చూడండి. రెండేళ్లకు మించి ఉంచుకున్న ఇంటి మీద, 2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాలకు, ఇండెక్సేషన్ (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం పన్ను పడుతుంది. ఆ తేదీకి ముందే కొన్న ఇంటికి, అమ్మేవారు భారతదేశ నివాసి అయితే, ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క తక్కువగా వచ్చినప్పుడు ఆ మేరకే చెల్లించవచ్చు. మొదటి లెక్కన 6 లక్షల చేర్పు వల్ల తగ్గే పన్ను సెస్సుతో కలిపి 78 వేలు. మిగతా 5 లక్షల 22 వేలు కొనేవారి నుంచి రాబట్టలేకపోతే అది నష్టమే. అయితే ఏళ్ల క్రితం మేడ వేయించిన ఖర్చు బిల్లులూ, బ్యాంకు ద్వారా చెల్లించిన ఆధారాలూ ఉంటే వెతికి తీయడం మంచిది. వాటి విలువ ఇప్పుడు తెలుస్తుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి బంధువుల చేత పనులు చేయిస్తున్నవారు ప్రతి పనికీ బిల్లూ, ముందూ తర్వాతా తీసిన ఫోటోలూ తెప్పించుకోవాలి. ప్రవాసుల అమ్మకంలో కొనేవారు మినహాయించే పన్ను మామూలు ఒక శాతానికి చాలా ఎక్కువ ఉంటుంది. దాన్ని తగ్గించే ధ్రువపత్రం కోసం ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు చేసేటప్పుడు ఆ ఆధారాలు అక్కరకు వస్తాయి.

ఎంతవరకు, ఏ వరుసలో

మొత్తం ఖర్చుకు ముందే ఒక పరిమితి పెట్టుకోండి. ఇంటి ధరలో ఒకటి రెండు శాతాన్ని దాటనివ్వకపోవడం మంచిదని నేను అనుకుంటాను. దాటితే పని ఆపి ఆ మేరకు ధర తగ్గించడం గురించి ఆలోచించాలి. వరుస కూడా ముఖ్యం: ముందు డాబా, పైపులు, స్నానాల గది, తర్వాత కరెంటు, ఆ తర్వాత ప్లాస్టరు మరమ్మతు, ఆరే కాలం, ఆపైన చెక్క పని, నేల పాలిష్, చివరికి రంగు. రంగు పూర్తయ్యాక గోడ తొలిపించే పని ఏదీ మిగలకూడదు.

సగం పనిలో ఉండగా నిజంగా ఆసక్తి ఉన్నవారు వస్తే తిప్పి పంపవద్దు. అప్పటికి లీకుల పని పూర్తై ఉంటే, విప్పి ఉన్న గోడనూ కొత్త పైపునూ చూపించండి. మిగిలిన రంగుల అంచనా కాగితం వారి చేతికిచ్చి, ఆ మొత్తాన్ని ధరలో తగ్గిస్తామనో, వారు ఎంచుకున్న రంగే వేయిస్తామనో చెప్పండి. ఏది ఒప్పుకున్నా ఆ షరతును విక్రయ ఒప్పందంలో రాయించుకోండి.